పదిహేను అభిప్రాయాలు

‘ఎక్కిదిగే మామ’ అన్న పేరు పెట్టింది ఎవరో ఊరూ పేరూ చెప్పని కుర్రాడు. ఫోన్లో తన మాటకు తనే పగలబడి నవ్వుకున్నాడు. దాన్ని టైపు చేసి పైకి పంపింది మాత్రం చెవులక్క. ఆ వారం నవ్వుల్లో ఒకటి తక్కువ పడింది, అందుకని పంపింది. అంతకు మించి ఆ పేరు పడ్డ పెద్దాయన మీద ఆవిడకు కోపమూ లేదు, ప్రేమా లేదు.

ఆదివారం సాయంత్రం వచ్చే ‘స్పానర్ సవాల్’ చూడని ఇల్లు లేదని చానల్ వాళ్ళే చెప్పుకుంటారు. నలుగురు మెకానిక్కులు, నాలుగు పాడైన కార్లు. గంట మోగేలోపు బాగుచేసి తాళం అప్పజెప్పాలి. చూసినవాళ్ళు స్క్రీన్ మీద వేసిన నంబరుకి ఫోన్ చేసి అభిప్రాయం చెప్పవచ్చు. చెప్పిందల్లా రికార్డవుతుంది. మూడో అంతస్తులో, విరిగిన కుర్చీలు పడేసే గదిలో ఒక మూల బల్ల వేసుకుని, ఆవిడ వాటన్నిటినీ విని టైపు చేస్తుంది. వందల్లోంచి పదిహేను ఏరాలి. ఎనిమిది పొగడ్తలు, అయిదు తిట్లు, రెండు నవ్వులు. శనివారం షూటింగులో యాంకరమ్మాయి వాటిని మెకానిక్కుల ముందే చదువుతుంది. ఈ పదిహేను అన్నది ఏ మహానుభావుడు పెట్టాడో ఎవరికీ గుర్తులేదు. ఆవిడ చేరిన ఈ తొమ్మిదేళ్ళలో ఎన్ని ప్రోగ్రాములు వచ్చి పోయినా అది మారలేదు.

చెవులక్క అన్నది ఆఫీసు పిల్లలు వెనకాల పిలుచుకునే పేరు. ఎదురుగా అయితే ‘అక్కా’ అంటారు, అదీ పని ఉంటే. ఆవిడకు వెనకాల పేరు కూడా తెలుసు. చెవులతో బతికే మనిషికి ఆ మాత్రం వినపడదనుకోవడం వాళ్ళ అమాయకత్వం.

సోమవారం పొద్దున ఆవిడ ముందుగా నిన్నటి ఎపిసోడ్ చూసింది. యాంకరమ్మాయి ‘ఎక్కిదిగే మామ’ అని చదవగానే మిగతా ముగ్గురు మెకానిక్కులూ పడీ పడీ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు, ముఖం మాడ్చుకోనూ లేదు. చేతిలో గుడ్డతో వేళ్ళ సందులు ఒక్కొక్కటే తుడుచుకుంటూ నిలబడ్డాడు. పదో వేలు అయ్యాక మళ్ళీ మొదటి వేలు దగ్గరికి వచ్చాడు. ఆవిడకు ఎందుకో మనసు చివుక్కుమంది.

ఆ పేరుకు కారణం అంతకు ముందు వారం ఎపిసోడ్. అందులో ఆయన కారు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం, మళ్ళీ దిగడం, ఇదే పదే పదే చూపించి వెనకాల పీపీమని సంగీతం పెట్టారు. గంట మోగినా తాళం ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఎవరూ చూపించలేదు. జనం ఊరుకుంటారా.

ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకుని కాలు పెడల్ మీద వేసింది. బల్ల కింద చిన్న పెడల్ ఉంటుంది. తొక్కితే రికార్డింగ్ నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. రెండు చేతులూ టైపు చేయడానికి ఖాళీగా ఉండాలి కదా. పొద్దుటికే నాలుగు వందల పై చిలుకు వచ్చి ఉన్నాయి. ‘ఆ చిన్నోడు చితక్కొట్టాడండీ.’ ‘ఆ ముసలాయన్ని ఇంటికి పంపించండి, బస్సు ఎక్కడం దిగడం బాగా వచ్చు.’ ‘యాంకర్ చీర ఎక్కడ కొన్నారు?’ మధ్యాహ్నం దాటాక ఒక గొంతు వచ్చింది. నెమ్మదిగా, గొంతు సవరించుకుని, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడింది.

“నేను రిటైరైన టీచర్నండి. ఆ పెద్ద మెకానిక్ ఊరికే ఎక్కి దిగలేదు. బ్రేకు పైపులోకి గాలి దూరితే పెడల్ మెత్తబడిపోద్ది. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర స్క్రూ వదులు చెయ్యాలి. అక్కడ ఆయనొక్కడే. అందుకని ఎక్కాడు, దిగాడు. గాలి పూర్తిగా పోలేదు, అందుకే తాళం ఇవ్వలేదు. బ్రేకు పడని బండి ఎవరి చేతికిస్తాం? అంతేనండి.” ఫోన్ పెట్టేశాడనుకుని ఆవిడ కాలు తీయబోయింది. “ఇవన్నీ కూర్చుని వినేవాళ్ళు ఎవరో ఒకరుంటారు కదా. ఇన్ని వింటే చెవులు నొప్పి పుట్టవూ? కాసేపు లేచి అటూ ఇటూ తిరగండమ్మా.”

ఆవిడ కాలు ఎత్తేసింది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. ఇన్నేళ్ళలో ఆ నంబరుకి ఫోన్ చేసినవాళ్ళంతా టీవీతో మాట్లాడారు, చానల్‌తో మాట్లాడారు, యాంకర్‌తో మాట్లాడారు. ఆవిడతో ఎవరూ మాట్లాడలేదు. వినేది ఆడమనిషని ఆయనకెలా తెలిసిందని కూడా ఆవిడకు తోచలేదు. లేచి, విరిగిన కుర్చీల మధ్య రెండు సార్లు అటూ ఇటూ తిరిగింది. కిటికీ దగ్గర నిలబడి కింద బస్సు దిగేవాళ్ళను చూసింది. వచ్చి కూర్చుని అదే రికార్డింగ్ మళ్ళీ విన్నది, చివరి ముక్క మాత్రం.

మంగళవారం అదే గొంతు బస్సు డ్రైవరు వేషం కట్టింది. గొంతు కాస్త బొంగురు చేసుకున్నాడు గానీ మోసం చేయడం చేతకాని మనిషని రెండో మాటకే తెలిసిపోయింది. మళ్ళీ బ్రేకులే, మళ్ళీ ఆ ఇద్దరు చేయాల్సిన పనే. చివర్లో, “నిన్న చెప్పినట్టు తిరిగారా?” అన్నాడు. అనేశాక తప్పు తెలిసింది కాబోలు, నిన్న ఫోన్ చేసింది టీచరు కదా, గబగబా పెట్టేశాడు. ఆవిడ గదిలో ఒక్కతే కూర్చుని గట్టిగా నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. తిరిగానండీ అని గాలికి చెప్పింది కూడా.

ఈయనెవరో మెకానిక్ పని తెలిసినవాడు, ఏ మూలనో ఒంటరిగా ఉంటూ తనలాంటి ఇంకో ఒంటరివాడికి వత్తాసు పలుకుతున్నాడు, అనుకుంది ఆవిడ. అంతకన్నా ఆలోచించలేదు. బుధవారం పొద్దున పదకొండైనా ఆ గొంతు రాకపోయేసరికి మాత్రం రెండు రికార్డింగులు సగంలో దాటేసి ముందుకు పోయింది, ఎన్నడూ చేయని పని. ఆఖరుకి వచ్చింది. ఈసారి కూరగాయల వ్యాపారి అట.

“ఒక్కడే ఉన్నప్పుడు ఏం చెయ్యాలో తెలుసాండీ? ఒక కర్రముక్క తీసుకుని సీటుకీ పెడల్‌కీ మధ్య బిగించాలి. అది తొక్కి పట్టుకుంటది. దిగి స్క్రూ వదిలి, గాలి తీసి, బిగించి, మళ్ళీ ఎక్కి కర్ర తీసి, మళ్ళీ తొక్కి, మళ్ళీ కర్ర. ఆయన అదే చేశాడు. తెల్ల రంగు పూసిన కర్ర. అది పక్కకి జారిపోతూ ఉండింది, అందుకే ఆలస్యం. మనిషి జారడు, కర్ర జారుతుంది. అదీ తేడా.” తర్వాత మామూలే. “మంచినీళ్ళు తాగారా అమ్మా?”

ఆవిడ నీళ్ళు తాగింది. తాగి, ఆ వారం ఎనిమిది పొగడ్తల్లో మొదటిదిగా దాన్నే టైపు చేసింది. కర్రతో సహా, తెల్ల రంగుతో సహా, ఒక్క మాట పొల్లుపోకుండా. ఆ పెద్దాయన ముందు యాంకరమ్మాయి నోట ఈ మాట చదివించాలి, ఆ ముగ్గురూ వినాలి. ‘ఎక్కిదిగే మామ’ తన చేతి మీదుగా వెళ్ళింది కాబట్టి ఇదీ తన చేతి మీదుగానే వెళ్ళాలి. సాయంత్రం కాగితాలు పైకి పంపి, చాలా రోజుల తర్వాత మెట్లు తేలిగ్గా దిగింది.

గురువారం పదింటికి ప్రోగ్రాము హెడ్డు గారు పిలిచారు. ఆయన గదిలోకి ఆవిడ ఏడాదికి రెండుసార్లు వెళ్తుంది, రెండుసార్లూ నిలబడే ఉంటుంది. హెడ్డు గారి బల్ల మీద ఆవిడ పంపిన కాగితం ఉంది. మొదటి అభిప్రాయం చుట్టూ ఎర్ర పెన్నుతో గీత.

“ఈ కర్రముక్క సంగతి వీడికెలా తెలిసింది?” అన్నారాయన.

“మెకానిక్ పని తెలిసినవాడు సార్.”

“కర్ర పెడతారని తెలియొచ్చు. తెల్ల రంగని ఎలా తెలిసింది? మనం చూపించలేదు. ఆ బిట్లన్నీ నేనే దగ్గరుండి తీసేయించాను. కర్ర కనపడితే జనానికి విషయం అర్థమైపోద్ది, కామెడీ ఎక్కడుంటది?” కాగితాన్ని వేలితో తట్టారు. “ఇది ఆ ముసలాయనే. దొంగ పేరుతో ఫోన్ చేసి తన్ను తానే పొగుడుకుంటున్నాడు. పోటీలో ఉన్నవాళ్ళు ఫోన్ చేయకూడదని సంతకం పెట్టించాం కదా.”

టీచరు, డ్రైవరు, కూరగాయల వ్యాపారి, ముగ్గురూ వేళ్ళ సందులు తుడుచుకుంటూ ఆవిడ కళ్ళ ముందు నిలబడ్డారు. ఆయన గొంతు ప్రోగ్రాములో ఆవిడ ఎప్పుడు విన్నది గనక? ఆయన నోరు తెరిచిన చోటల్లా పీపీ సంగీతమేనాయె.

హెడ్డు గారికి మాత్రం పండగలా ఉంది. “ఆ రికార్డింగ్ రేపు పొద్దునకల్లా నాకివ్వు. శనివారం షూటింగులో అందరి ముందూ ప్లే చేద్దాం. కెమెరా ఆయన ముఖం మీదే ఉంచుదాం. అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఉంచుదాం. ఆ తర్వాత ఇంటికి పంపిద్దాం. ఈ సీజన్ మొత్తానికి ఇదే హైలైటు. నిన్ను మెచ్చుకోవాలి, నువ్వు గనక ఏరి పంపావు.”

ఏరి పంపింది. అదే ఆవిడను కోసేస్తోంది. వందల రికార్డింగుల్లో అది అలాగే పడి ఉంటే ఏ పురుగూ పట్టేది కాదు. మేలు చేద్దామని పోయి ఆయన మెడకు తనే ఉరి బిగించింది.

గదికి వచ్చి తలుపు మూసింది. మూడు రికార్డింగులూ వరసగా పెట్టుకుని విన్నది. టైపు చేయడానికి కాదు కాబట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. మొదటిసారి విన్నప్పుడు పట్టించుకోని శబ్దాలు ఇప్పుడు తెలిశాయి. దూరంగా రేకు మీద ఏదో దెబ్బ, గాలి కొట్టే మిషను మొదలై ఆగడం. షెడ్డులో ఏ మూలకో పోయి, ఎవరూ వినకుండా చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడి ఉంటాడు. నేను సరిగ్గానే చేశానని చెప్పుకోవడానికి ఆ మనిషికి లోకంలో ఇంకెవరూ దొరకలేదు. ఇంట్లో ఒక్కరున్నా ఈ నంబరుకి ఎందుకు చేస్తాడు?

మూడింటినీ గుర్తు పెట్టి తుడిచేయమని నొక్కింది. ఖాయమేనా అని కంప్యూటరు అడిగింది. ఖాయమేనంది. ఇకమీదట ఆ గొంతు మళ్ళీ వినాలనిపించినా లేదు. అది తెలిసే నొక్కింది, నొక్కాక కళ్ళు తుడుచుకుంది.

శుక్రవారం పొద్దున పిలవకముందే హెడ్డు గారి గదికి వెళ్ళింది.

“ఆ ఫోన్ రాలేదు సార్. అది నేనే రాశాను.”

ఆయన టీ కప్పు నోటిదాకా తీసుకెళ్ళి ఆపారు. “కర్ర?”

“మా అన్నయ్య మెకానిక్ సార్. షెడ్డులో ఒక్కడే ఉండేవాడు. అలాగే కర్ర బిగించేవాడు. దానికి తెల్ల రంగు పూసి ఉండేది, అది గుర్తొచ్చి రాశాను.” పుట్టని అన్నయ్య ఒకడు అలా పుట్టుకొచ్చాడు. చెబుతుంటే ఆవిడకే నిజమనిపించింది, ఇలాంటి అన్నయ్య ఒకడుంటే బాగుండుననిపించింది.

ఉద్యోగం పోతుందని ఆవిడకు తెలుసు. అభిప్రాయం ఒక్కటి కూడా కల్పించకూడదని చేరిన రోజు ఇచ్చిన కాగితంలో ఉంది. ఇంటద్దె, వెతుక్కోవాల్సిన కొత్త పని, అన్నీ రాత్రే తలపోసి వచ్చింది. హెడ్డు గారు కప్పు కింద పెట్టారు. ఆవిడను పైనుంచి కిందికి కొత్తగా చూశారు.

“కూర్చో అక్కా,” అన్నారు.

ఆవిడ కూర్చుంది.

“ఇన్నాళ్ళూ ఎన్ని రాశావు ఇలాగ?”

“ఇదొక్కటే సార్.”

“సరేలే, నేనేం తప్పు పట్టట్లేదు. నేను నమ్మేశాను చూడు, అదీ విషయం. ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పనిలో ఉన్నవాణ్ణి, నాకే అనుమానం రాలేదు. అచ్చం మనిషి మాట్లాడినట్టే ఉంది.” ఆయన ముఖంలో ఏదో లెక్క నడుస్తోంది. “అయినా ఈ ఫోన్లు మనకెందుకు చెప్పు? నాలుగు వందల మంది వాగింది విని పదిహేను ఏరడం. నువ్వే పదిహేను రాసెయ్. ఎనిమిది, అయిదు, రెండు. కావాలంటే కంటతడి పెట్టించేది ఒకటి కూడా వేసుకుందాం. నంబరు స్క్రీన్ మీద ఉంటుంది, వాళ్ళు చేస్తూనే ఉంటారు. రింగవుతుంది, అంతే.”

“వాళ్ళు చెప్పేది ఎవరూ వినరా సార్?”

“ఇప్పుడు మాత్రం ఎవరు విన్నారు, నువ్వు తప్ప.”

మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చి వైర్లు పీకాడు. హెడ్‌ఫోన్, బల్ల కింది పెడల్ ఒక అట్టపెట్టెలో వేసుకున్నాడు. “అదృష్టవంతురాలివి అక్కా, ఇక చెవులకు రెస్టు,” అన్నాడు, మంచి మాట చెప్పాననుకుని. అతను వెళ్ళాక గది ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, కింది అంతస్తులో ఎవరో కుర్చీ జరిపితే వినపడింది. తొమ్మిదేళ్ళుగా ఆవిడ రోజుకు కొన్ని వందల మందితో గడిపింది. తిట్టేవాళ్ళు, వాగేవాళ్ళు, తప్పతాగి ఏడ్చేవాళ్ళు, నంబరు తప్పి చేసినవాళ్ళు. వాళ్ళంతా ఒక్కసారి లేచి వెళ్ళిపోయారు. సోమవారం ఆ పెద్దాయన ఏదో ఒక వేషంలో ఫోన్ చేస్తాడు. రింగవుతుంది. ఆయన పరువు నిలిచింది, ఆయన మాట వినే చెవి పోయింది. రెండూ ఒకే చేత్తో చేసింది.

సాయంత్రానికి పదిహేను రాయాలి. రాయడం ఇంత సులువని ఆవిడ అనుకోలేదు. చేతులు వాటంతటవే నడిచాయి. ‘ఆ చిన్నోడు చితక్కొట్టాడండీ’ అనేవాళ్ళు ఎలా అంటారో తెలుసు. తిట్టేవాళ్ళు ఎక్కడ ఊపిరి పీల్చుకుంటారో తెలుసు. యాంకరమ్మాయి చీర గురించి కూడా ఒకటి పడేసింది. పద్నాలుగు అయ్యాయి. పదిహేనోది దగ్గర ఆగింది. ఇది ఎవరి గొంతుతో రాయాలి? టీచరు, డ్రైవరు, గృహిణి, ఎవరూ నోరు విప్పలేదు. చివరికి తనకేమనిపిస్తోందో అదే రాసింది. తొమ్మిదేళ్ళలో అది ఆవిడ మొట్టమొదటి అభిప్రాయం. కింద ‘పేరు చెప్పని ఒక ప్రేక్షకురాలు’ అని పెట్టింది.

హెడ్డు గారు చదివి, “కంటతడి బాగా కుదిరింది,” అని టిక్కు పెట్టారు.

ఆవిడ ఇంట్లో టీవీ లేదు. వారమంతా దాని గోలే వినే మనిషికి ఇంట్లో కూడానా అని కొనుక్కోలేదు. ఆదివారం సాయంత్రం మెట్లు దిగి వెళ్ళి, కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలి తలుపు తట్టింది. ఏడేళ్ళుగా ఆ ఇంటి పై గదిలో ఉంటోంది, పిన్నీ అనే పిలుస్తుంది. అయినా వాళ్ళిద్దరి మధ్య నీళ్ళ ట్యాంకు, మెట్ల లైటు తప్ప వేరే మాట నడిచింది లేదు.

“పిన్నీ, కాసేపు మీ టీవీ చూడొచ్చా? ఆ మెకానిక్కుల ప్రోగ్రాము.”

పిన్ని కాస్త వింతగానే చూసింది గానీ పక్కకు జరిగి చోటిచ్చింది. పళ్ళెంలో బఠాణీలు ఒలుస్తూ, చూపు టీవీ మీదే పెట్టి, “నేను ఒక్క వారం కూడా వదలను,” అంది. చెవులక్క సోఫా అంచున కూర్చుంది. పిన్ని ఒక గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది.

పద్నాలుగు అభిప్రాయాలు అయ్యాయి. చితక్కొట్టాడన్న దానికి చిన్నోడు చొక్కా కాలరు ఎగరేశాడు. ఆ మాట అన్నవాడు భూమ్మీద లేడని అతనికేం తెలుసు. యాంకరమ్మాయి ఆఖరి కాగితం తీసింది. ఆవిడ గ్లాసు గట్టిగా పట్టుకుంది.

“ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడే చేస్తుంటే, దూరం నుంచి చూసేవాళ్ళకు పిచ్చివాడిలాగే కనిపిస్తాడు. ఎక్కుతాడు, దిగుతాడు, తనలో తను మాట్లాడుకుంటాడు. పక్కన ఇంకొకరు ఉండి ఉంటే అది పనేనని అందరికీ తెలిసేది. ఆ పెద్దాయన్ని చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయన బాగుచేసిన బండి ఎక్కడానికి నాకు భయం లేదు. పేరు చెప్పని ఒక ప్రేక్షకురాలు.”

ఈసారి ముగ్గురు మెకానిక్కులూ నవ్వలేదు. కెమెరా పెద్దాయన మీదికి వెళ్ళింది. ఆయన గుడ్డతో వేళ్ళు తుడుచుకోవడం ఆపేశాడు. ఇది తను చేసిన ఫోన్ కాదు. తను కట్టిన మూడు వేషాల్లో ఎవరి మాటా కాదు. ఆ సంగతి ఆయన ముఖంలో మెల్లగా తెలియడం ఆవిడ చూసింది. ఆయన కళ్ళు ఎటు చూడాలో తెలియక కాసేపు తడబడి, ఆఖరికి తిన్నగా కెమెరా వైపు చూశాయి. మొదటిసారి సంగీతం లేకుండా ఆయన గొంతు వినిపించింది, ఆవిడ తుడిచేసిన గొంతు.

“ఆవిడతో ఒక్క మాట మాట్లాడొచ్చా అమ్మా? ఫోన్ కలుపుతారా?”

“అయ్యో, పేరే చెప్పలేదండీ,” అని యాంకరమ్మాయి నవ్వి, “చిన్న బ్రేక్ తర్వాత మళ్ళీ కలుద్దాం,” అంది. సబ్బు ప్రకటన మొదలైంది.

పిన్ని బఠాణీలు ఒలవడం ఆపి పమిట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “ఎంత బాగా చెప్పింది,” అంది. “నేనూ మొన్న ఫోన్ చేశానమ్మాయ్ ఆ నంబరుకి. రింగయ్యి రింగయ్యి ఆగిపోయింది. నేను చెబుదామనుకున్నదీ ఇంచుమించు ఇదే, ఇంత బాగా చెప్పడం నాకు రాదనుకో. మా ఆయన పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో నేనూ అంతేగా, ఎక్కడం దిగడం.” అంతమాట ఎప్పుడూ అనని మనిషి కాబట్టి తనే కాస్త సిగ్గుపడి, మళ్ళీ పళ్ళెం ముందుకు లాక్కుంది. “అలాంటి మనిషి పక్కన ఉంటే ఎంత బాగుండునో. కాసేపు కూర్చుని మాట్లాడుకోవచ్చు.”

చెవులక్క నోరు తెరిచింది. పక్కనే ఉన్నాను పిన్నీ అనడానికి ఎనిమిది అక్షరాలు చాలు. కానీ అది చెప్పాలంటే ఫోన్లు లేవని చెప్పాలి, నీ ఫోన్ ఎవరూ ఎత్తరని చెప్పాలి, ఆ పద్నాలుగూ ఎవరివో చెప్పాలి, మూడు రికార్డింగులు ఎక్కడికి పోయాయో చెప్పాలి. అక్కడి నుంచి ఆ పెద్దాయన దాకా వెళ్ళిపోతుంది.

“ఎవరై ఉంటుందంటావు?” అంది పిన్ని.

“ఏమో పిన్నీ.”

“పెద్ద కుటుంబం అయ్యుంటుంది. చుట్టూ నలుగురూ ఉండి, మాట్లాడే అలవాటున్న మనిషికే అలాంటి మాటలొస్తాయి. మనబోటి వాళ్ళకు ఎక్కడొస్తాయి.”

“అయ్యుంటుంది,” అంది ఆవిడ. ప్రోగ్రాము మళ్ళీ మొదలయ్యేలోపు లేచి, గ్లాసు కడిగి బోర్లించి, పై గదికి మెట్లెక్కింది.